గంట కొట్టని మూడేళ్ళు

తర్లుపాడు నుంచి మార్కాపురం దాకా, ఆషాఢమాసపు ఎదురుగాలిలో, మూడేళ్ళపాటు నేను పెడలు తొక్కకుండా సైకిలు మీద వెళ్ళాను.

సరే, మరీ తొక్కకుండా కాదు. తొక్కాను. కాకపోతే నేను తొక్కాల్సిన దాంట్లో సగం గురవయ్య తొక్కాడు. మిగతాదంతా నిజం.

మా గాలి సంగతి తెలియని వాళ్ళకు ఒక మాట చెప్పాలి. ఆషాఢం వచ్చిందంటే నల్లమల వైపు నుంచి పడమటి గాలి మొదలవుతుంది. పెద్దారవీడులో ఆరేసిన పంచె మా ఊళ్ళో దొరికిన రోజులున్నాయి. పంచె కాదు, తువ్వాలు అనుకోండి. పెద్దారవీడుది కాదు, పక్కింటిది. ఏదైతేనేం, పొద్దున పూట మార్కాపురం వైపు సైకిలు తొక్కుతుంటే ఎవరో రొమ్ము మీద చెయ్యి పెట్టి వెనక్కి నెడుతున్నట్టే ఉంటుంది.

ఆ గాలికి ఎదురు గురవయ్య ముప్పై ఏళ్ళు తొక్కాడు. వాళ్ళ నాయన పలకల గనిలో రాయి కొట్టినవాడు. గురవయ్య పదిహేడో ఏట మార్కాపురంలో ఒక పలకల ఫ్యాక్టరీలో చేరాడు. రాయిని పొరలు పొరలుగా విడదీయడం అతని పని. నల్లటి రాతి దిమ్మను నిలబెట్టి, అంచుకు ఉలి ఆనించి, సుత్తితో చిన్నగా తడతాడు. తల వంచి వింటాడు. మళ్ళీ తడతాడు. అప్పడం విరిగినంత చప్పుడుతో పలక విడిపోతుంది. ఒక దిమ్మలో పక్కవాడికి ఇరవై పలకలు వస్తే గురవయ్యకు ఇరవై ఆరు వచ్చేవి. ఎట్లా అని ఒకసారి అడిగాను.

"రాయే చెప్తాదన్నా, ఏడ ఇడిపోవాల్నో. మన మణికట్టు వింటే చాలు," అన్నాడు.

మనిషి పొట్టి. మాట తక్కువ. నవ్వొస్తే ముందు భుజాలు కదిలేవి, నవ్వు ఆ తర్వాత ముఖానికి చేరేది. పెళ్ళయిన కొత్తలో మామగారు పెట్టిన సైకిలునే చైన్లు, టైర్లు మారుస్తూ నడిపాడు. ఫ్రేము మీద భార్య కృష్ణమ్మ పేరు రాయించుకున్నాడు. రంగు పోయి 'ష్ణ' ఒక్కటే మిగిలింది.

నాకు మార్కాపురంలో గడియారాల దుకాణం. కాపురం తర్లుపాడులోనే. యాభై ఎనిమిదో ఏట షుగరు బయటపడింది. బస్సు మానేసి సైకిలు తొక్కమన్నాడు డాక్టరు.

"ఈయనకు కోతలు కొయ్యడమే వచ్చు డాక్టరుగారూ, తొక్కడం ఏడొస్తాది?" అంది నా భార్య రామతులసమ్మ, నా ఎదుటనే.

ఆ మాటతో మర్నాడే సైకిలు కొన్నాను. ఎండకు వెడల్పాటి అంచున్న టోపీ కూడా కొన్నాను. అలాంటి టోపీ తర్లుపాడులో ఇంకెవరి నెత్తినా లేదు.

పలకల పనికి వెళ్ళే వాళ్ళు పదిమంది దాకా మా దారిన సైకిళ్ళ మీదే పోతారు, ఒకరి వెనక ఒకరు, చీమల బారులా. ముందున్నవాడు గాలిని కాస్తాడు. వెనకవాళ్ళు అతని చాటున సుళువుగా వస్తారు. దాన్ని వాళ్ళు గాలిచాటు అంటారు. ఆ వరుసకు పెద్ద శ్యాంసన్. మొదటి వారమే టీ బంకు దగ్గర నన్ను కూర్చోబెట్టి దాని మర్యాదలు చెప్పాడు.

"ఎవురి ఎనక చేరాలన్నా రెండుసార్లు గంట కొట్టాల శెట్టన్నా. ముందోడు 'రా' అంటాడు. మధ్యన ఒక చక్రం సందు ఇడవాల. నీ ముందు చక్రం వాని ఎనక చక్రం పక్కకు పోనియ్యగూడదు. రాసుకున్నాయంటే నేలపాలే. గుంత వస్తే ముందోడు ఎడంచెయ్యి కిందికి చూపిస్తాడు. బ్రేకు ఏసే ముందర అరుస్తాడు. కల్వర్టు వచ్చిన కాడల్లా ముందోడు మారాల."

"నా వయసోడి సంగతేంది? నేను ముందు పోయి గాలి కాయాల్నా?"

"నీకెందుకు కాసేది? గంట కొట్టి ఎనక కూర్చో. ఎవురేమంటారు?"

"గంట కొట్టకుండా వస్తే?"

"వాడు గాలిదొంగ. ఎనక మనిషి ఉన్నాడని తెలవకపోతే ముందోడు చెయ్యి చూపించడు, అరవడు. ఇంగ వాని ఖర్మ. తెలిసినాక పడితే మాత్రం పూచీ ముందోడిదే."

చూశారా, గంట మీటితే ఊరికే దొరికే సాయం. నేను ఆ గంట కొట్టలేదు.

చిన్నప్పుడు గిద్దలూరులో మా మేనమామ ఇంట్లో ఉండి కాన్వెంటులో చదివాను. అక్కడ సిస్టర్ ఎలీషబా చెప్పేది: "అడిగితే ఇచ్చేదాన్ని అడగకుండా తీసుకోవడం రెండు తప్పులు. ఒకటి దొంగతనం. రెండోది, ఇచ్చానన్న సంతోషం వాళ్ళకు లేకుండా చేయడం." చేతి మీద స్కేలుతో రెండు దెబ్బలు వేసి మరీ చెప్పేది. చెయ్యి గుర్తుపెట్టుకుంది గాని నేను పెట్టుకోలేదు.

గంట కొడితే నా కథ పోతుంది. అదే కారణం. "అరవై దగ్గరపడింది, ఈ గాలిలో యాభై నిమిషాల్లో వచ్చినా," అని దుకాణంలో రోజూ చెప్పుకునేవాణ్ణి. ఒకరి వీపు చాటున వచ్చానని తెలిస్తే వినేదెవరు?

గురవయ్య ఉలులకు పదును పెట్టుకోవాలని మిగతా వాళ్ళకంటే అరగంట ముందు బయల్దేరేవాడు, ఒంటరిగా. నాకు అదే కావాలి. నేను టీ బంకు పక్కన ఆగి ఉండేవాణ్ణి. అతను దాటగానే చప్పుడు చేయకుండా వెనక చేరేవాణ్ణి. గాలి హోరులో నా సైకిలు కిర్రుమన్నా అతనికి వినబడదు. మార్కాపురం మొదటి ఇళ్ళు కనబడగానే వెనకబడిపోయేవాణ్ణి. ఇలా మూడేళ్ళు. అతను ఒక్కసారి వెనక్కి తిరగలేదు.

గురవయ్యకు ఒక అలవాటుండేది. గుంత వచ్చినప్పుడల్లా ఎడమచెయ్యి కిందికి జార్చేవాడు. ఒంటరిగా పోతూ ఎవరికి చూపిస్తాడు? వరుసలో తొక్కి తొక్కి చెయ్యి ఊరుకోవడం లేదులే అని లోపల నవ్వుకునేవాణ్ణి. నవ్వుకుంటూనే ఆ చెయ్యి చూసి గుంతలు తప్పించుకునేవాణ్ణి.

రెండేళ్ళ కిందట, ఆషాఢంలో ఒక మంగళవారం. ఆకాశమంతా మబ్బు కమ్మి, రోడ్డూ చేలూ ఒకే బూడిద రంగులో ఉన్నాయి. గాలి మరీ ఎక్కువగా ఉండడంతో అతని వీపుకు ఇంకా దగ్గరగా జరిగాను. ఎంత దగ్గరగా అంటే, నా ముందు చక్రం అతని వెనక చక్రం పక్కకు వెళ్ళింది. ఏ ట్రాక్టరులోంచో జారిన పలకరాయి ఒకటి రోడ్డుకు అడ్డంగా పడి ఉంది. రోడ్డు రంగే దానిది. గురవయ్య దగ్గరికొచ్చాక చూశాడు. చెయ్యి జార్చలేదు, అరవలేదు. గట్టిగా బ్రేకు వేసి పక్కకు తిప్పాడు.

చక్రాలు రాసుకున్నాయి. నేను ఎడమ పక్క చిల్లచెట్ల ముళ్ళ మీద పడ్డాను. అతను ముందుకు, కుడిచెయ్యి ఆనించి, ఆ రాతి అంచు మీద పడ్డాడు. అప్పడం విరిగినంత చప్పుడు వినబడింది. పలక విడిపోయిన చప్పుడు కాదది.

ఇక్కడి నుంచి చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. అయినా చెప్తాను. అతను బోర్లా పడి ఉన్నాడు, ముఖం అటు పక్కకు. నాకు ముళ్ళు గీరుకోవడం తప్ప ఏమీ కాలేదు. లేచాను. సైకిలు తీసుకుని ఇరవై అడుగులు వెనక్కి నడిచాను. అక్కడ ఎక్కి, అప్పుడే వస్తున్నవాడిలా వచ్చి, ఆ మూడేళ్ళలో మొదటిసారి రెండుసార్లు గంట కొట్టాను.

"ఏంది గురవయ్యా! ఎట్ల పడినావు?"

"రాయన్నా... చూసుకోలా," అన్నాడు పళ్ళు బిగించి.

ఆటో ఆపి నేనే ఆసుపత్రికి తీసుకుపోయాను. సమయానికి దేవుడిలా వచ్చానని ఊరంతా అంది. నేను కాదనలేదు. పైగా దుకాణంలో నాలుగు రోజులు ఆ కథే చెప్పాను. అప్పటి నుంచి ప్రతి ఏడూ కొత్త కందులు విసిరి పప్పు చేసి, మొదటి డబ్బా మా ఇంటికే పంపుతుంది కృష్ణమ్మ. ఆ పప్పు తినలేను, వద్దని చెప్పలేను.

ఎముక అతుక్కుంది గాని మణికట్టు తిరగలేదు. ఉలి పట్టగలడు, సుత్తి ఎత్తగలడు, రాయి చెప్పేది మాత్రం వినబడదన్నాడు. ఆరు నెలలు ప్రయత్నించాడు. దిమ్మలు అడ్డంగా పగిలాయి. ఇప్పుడు అదే ఫ్యాక్టరీలో, వేరేవాళ్ళు తీసిన పలకలను గడ్డి మధ్య పేర్చి పెట్టెల్లో సర్దుతాడు. సైకిలు తొక్కలేక బస్సులో వెళ్తాడు.

ఆ తర్వాత నేను బుద్ధిగా గంట కొట్టి శ్యాంసన్ వరుసలో చేరాను. మొన్న మాఘంలో ఒక పొద్దున గాలి లేదు. "ఈ పొద్దు నువ్వు ముందు పో శెట్టన్నా, గాలి కాసేది ఎట్లుంటాదో చూడు," అని నన్ను ముందుకు తోశాడు. బయల్దేరాను. వెనక నుంచి ఎండ. రోడ్డు మీద నా నీడ, పొడుగ్గా, నా ముందు పోతోంది. దాని పక్కనే ఇంకో తల కదులుతోంది. శ్యాంసన్ తలపాగా.

బ్రేకు వేయబోయి, గుర్తొచ్చి, "ఆగుతున్నా" అని అరిచి ఆగాను.

మూడేళ్ళు, ఎండ ఉన్న ప్రతి పొద్దునా నా నీడ గురవయ్య ముందు పడింది. ఆ టోపీతో సహా. ఎవరో కాదు, నేనేనని అతనికి తెలుసు. ఆ చెయ్యి జార్చింది అలవాటుకు కాదు. మబ్బు పట్టిన రోజున మాత్రం నీడ లేదు. ఆ రోజు అతనికి చెప్పగలిగింది నా గంట ఒక్కటే.

కాన్వెంటులో క్రైస్తవ పిల్లలు ఫాదరు దగ్గర తప్పులు చెప్పుకుని తేలికగా బయటికి వస్తుంటే చూసి ఈర్ష్యపడేవాణ్ణి. ఆ ఆదివారం గురవయ్య ఇంటికి వెళ్ళాను. కృష్ణమ్మ మజ్జిగ ఇచ్చింది. గ్లాసు పట్టుకుని మొత్తం చెప్పాను. టీ బంకు, టోపీ, చక్రం, ఇరవై అడుగులు వెనక్కి నడవడం, గంట. ఒక్క ముక్క కలపలేదు.

కృష్ణమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "పోయినేడు చిరుతపులి నీ సైకిలు ఎనక పరిగెత్తిందన్నావు కదా బావా? ఇప్పుడు నువ్వు ఈయన ఎనక పరిగెత్తినావా?"

"ఇది నిజం కృష్ణమ్మా."

"పులికి కూడా ఇట్లే ఒట్టు పెట్టినావు," అని గ్లాసు తీసుకుని లోపలికి పోయింది.

అరవై మూడేళ్ళు చెప్పిన కతలు ఒక్క నిజాన్ని నిలబడనివ్వలేదు. గురవయ్య మాత్రం నవ్వలేదు. కుడి మణికట్టును ఎడమచేత్తో నెమ్మదిగా రుద్దుకుంటున్నాడు.

"నీడ చూసినావు కదా గురవయ్యా? చెయ్యి చూపించింది నా కోసమే కదా?" అన్నాను. అవునంటే చాలు, తిట్టినా చాలు అనిపించింది. తెలుసని అతను ఒప్పుకుంటే, వాళ్ళ వరుస లెక్కన పూచీ అతని మీదికి వస్తుంది. కాదంటే నా తప్పు దించుకునే చోటు నాకు లేదు.

"ఏ నీడా చూడలా," అన్నాడు. "చెయ్యి తిమ్మిరెక్కితే దులుపుకుంటా ఉండినా."

"మూడేళ్ళూ తిమ్మిరేనా?"

"మూడేళ్ళూ తిమ్మిరే."

"ఇదంతా రాస్తా గురవయ్యా. నీ పేరుతోనే రాస్తా."

"రాసుకో అన్నా. ఎవురన్నా వచ్చి అడిగితే నేను ఇదే చెప్తా. రాయి చూసుకోలా, పడినా. ఆ పొద్దు గాని, అంతకు ముందు గాని, నా ఎనక ఎవురూ రాలా."