అల్లుడి తూకం

ఎవరిస్తో మోంతెలోంగోకి ఉన్నది ఒకటే పట్టింపు. ఎవణ్ణి కొట్టబోతున్నాడో వాళ్ళమ్మ చేతి వంట తినకుండా రింగెక్కడు.

బాక్సర్లలో చాలామందికి ఏవో ఒక నమ్మకాలుంటాయి. ఒకడు ఎడమకాలి బూటు ముందు తొడుక్కుంటాడు, ఇంకొకడు పోటీ అయ్యేదాకా గడ్డం గీసుకోడు. అవి ఒకళ్ళ జోలికి పోని నమ్మకాలు. మావాడిది అలా కాదు. పోటీ ఇంకో మూడు నాలుగు రోజులుందనగా తల నున్నగా దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, సంచీడు తీపి బన్నులు కొనుక్కుని ప్రత్యర్థి ఇంటికి బయల్దేరేవాడు. ఆ ప్రత్యర్థేమో ఎక్కడో ఇసక బస్తాని గుద్దుతూ వీడి దవడ ఎలా పగలగొట్టాలా అని ఆలోచిస్తుండేవాడు. వీడేమో వాళ్ళమ్మ వంటింట్లో కుర్చీ లాక్కుని కూర్చునేవాడు.

"అమ్మా, శనివారం మీ అబ్బాయితో నాకు పోటీ ఉంది. మీకొక మాట చెప్పి వెళ్దామని వచ్చాను," అనేవాడు, టోపీ చేత్తో పట్టుకుని.

మా ఊరు గోమెస్ పలాసియో. నా పేరు ఫిలెమోన్, ఎవరిస్తోకి నేను కార్నర్ మనిషిని. చేతులకి గుడ్డ చుట్టడం, రౌండుకీ రౌండుకీ మధ్య నీళ్ళు పట్టడం, చిట్లిన కనుబొమకి వాజలీన్ రాయడం నా పని. బన్నుల సంచీ మొయ్యడం కూడా నా మెడకే చుట్టుకుంది కాబట్టి ఈ భోజనాలన్నిటికీ నేనే సాక్షిని.

మొదట్లో ఆ తల్లులకి ఒళ్ళు మండేది. పక్క ఊరు లెర్దోలో ఒకావిడ చీపురు తిరగేసింది. వీడు మాత్రం గుమ్మంలోంచి కదలకుండా, పొయ్యి మీద ఉన్నది చిక్కుళ్ళేనా, ఆ తిరగమోతలో వేసింది ఏ మిరపకాయ అని అడిగాడు. ఇంకాసేపటికి చీపురు గోడకి ఆనించేసి ఉంది, ఆవిడ పెనం మీద రొట్టె తీసి వీడి పళ్ళెంలో వేస్తోంది. భోజనం వేళకి గుమ్మంలో నిలబడ్డవాణ్ణి లోపలికి రమ్మనకుండా ఉండటం మా వైపు ఏ తల్లికీ చేతకాదు. పెట్టింది వద్దనడం మావాడికి అసలే చేతకాదు.

పత్రికలవాళ్ళు వీడికి 'అల్లుడు' అని పేరు పెట్టారు. రింగులో మైకు పట్టుకున్నవాడు "గోమెస్ పలాసియో అల్లుడూ" అని సాగదీసి పిలిస్తే హాలంతా ఈలలే. ప్రత్యర్థులకి మాత్రం అది నవ్వులాట కాదు. ఒకసారి ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు పట్టేసుకుని మా కార్నర్ దగ్గరికి వచ్చినప్పుడు అవతలివాడు పళ్ళు నూరుతూ అడగడం నా చెవులారా విన్నాను.

"మా అమ్మ నీకు మూలుగ ఎముక వేసిందటగా?"

"నేనడగలేదు. ఆవిడే వేసింది."

"నా ఎముక అది."

రిఫరీ విడదీశాడు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆ ఎముక కోసం వాడు మావాడి పక్కటెముక పీకి తీసుకెళ్ళేవాడు. తల్లుల సంగతి ఇంకా చోద్యం. ముందు వరసలో కూర్చుని "ఎవరిస్తో, గడ్డం దించు నాయనా" అని అరిచేవాళ్ళు. ఆ వెంటనే అవతల ఉన్నది కన్నకొడుకని గుర్తొచ్చి లెంపలేసుకునేవాళ్ళు.

ఈ భోజనాల వల్ల ప్రాణం మీదికి వచ్చింది మా మాస్టారు దోన్ లిబ్రాదోకి. ఆయనకి మనుషులు మనుషుల్లా కనపడరు, కిలోల్లా కనపడతారు. పొద్దున్నే జిమ్‌లో అడుగు పెడితే బాగున్నావా అని అడగడు, "పెరిగావు" అంటాడు. ఎవరిస్తో బరువు తగ్గించడానికి ఆయన నెలల తరబడి ఉడకబెట్టిన కోడిముక్కా, ఉప్పు లేని కూరా పెట్టి, రబ్బరు చొక్కా తొడిగి, నీటిచుక్క లేని నాసాస్ ఏటి ఇసకలో మిట్టమధ్యాహ్నం పరిగెత్తించేవాడు. అలా కరిగించిందంతా ఏ తల్లి వంటింట్లోనో ఒక్క పూటలో తిరిగి వచ్చేసేది. పోటీకి ముందురోజు తూకంలో ముల్లు గీత దాటితే రింగెక్కనివ్వరు, అందుకని తూకం రోజున మావాడు ఒంటి మీద నూలుపోగు లేకుండా కాటా ఎక్కేవాడు, నేనూ మాస్టారూ చుట్టూ తువ్వాలు అడ్డం పట్టేవాళ్ళం. ఒకసారి అప్పటికీ ముల్లు దిగకపోతే మాస్టారు నిలబెట్టి గుండు గీయించాడు. ఆ గుండు చూసి తరవాతి ప్రత్యర్థి తల్లి, పాపం ఏం జబ్బు చేసిందోనని, ఇంకో రెండు గరిటెలు ఎక్కువ వేసింది.

కొన్నాళ్ళకి నాకు ఒక సంగతి తట్టింది. తిండి మధ్యలో వీడు ప్రతి తల్లినీ ఒకే ప్రశ్న అడిగేవాడు. "అమ్మా, మీ అబ్బాయికి ఒంట్లో ఎక్కడైనా నొప్పిగా ఉందా?" వాళ్ళు చెప్పేసేవాళ్ళు కూడా. బిడ్డ నొప్పి గురించి ఎవరైనా అడిగితే చాలు, తల్లికి అన్నీ గుర్తొస్తాయి. నేను పరుగున వెళ్ళి మాస్టారికి చెప్పాను, మనవాడు తిండిపోతు కాదు, గూఢచారి అని. మాస్టారి మొహం చాటంత అయింది. ఆ వారమంతా ఆయన "పెరిగావు" అనలేదు.

ఆ సంతోషం పార్రాస్ ఊరివాడితో పోటీ దాకానే నిలిచింది. వాడు కంచరగాడిద మీంచి పడ్డాడనీ, కుడివైపు పక్కటెముకలు ఇంకా సలుపుతున్నాయనీ వాళ్ళమ్మ చెప్పింది. మాస్టారు గొంతు బొంగురుపోయేదాకా "కుడి, కుడి" అని అరిచాడు. మావాడు మొదటినుంచి చివరిదాకా ఎడమవైపే కొట్టాడు. గెలవాల్సిన పోటీ సమానంగా ముగిసింది.

"కుడేదో ఎడమేదో గబుక్కున తెలీదు మాస్టారూ," అన్నాడు ఎవరిస్తో, తల వంచుకుని.

మాస్టారు నిజంగానే నమ్మాడు. వాడి కుడి మణికట్టుకి ఎర్రదారం కట్టి, పొద్దుటా సాయంత్రం బళ్ళో పిల్లాడిలా కుడీ ఎడమా చెప్పించాడు. ఆ తరవాత ఒకడి మోకాలు, ఒకడి మెడ, ఒకడి మోచెయ్యి సంగతి తల్లులు చెబుతూనే ఉన్నారు. మావాడు ఆ వైపు ఈగ వాలినా తోలినట్టు కనపడలేదు. ఇంత మొద్దు బుర్రవాడు నాకెక్కడ దొరికాడురా అని మాస్టారు నెత్తి కొట్టుకునేవాడు. ఇలా అందిన పోటీలు చేజార్చుకుంటూ, మిగతావి గెలుచుకుంటూ వస్తే, వీడికి జాతీయ ఛాంపియన్ నడుముకి కట్టుకునే పట్టీ కోసం పోటీ పడే అవకాశం వచ్చేసరికి వయసు మీద పడింది. ఇది పోతే మళ్ళీ రాదని మా ముగ్గురికీ తెలుసు.

ఛాంపియన్ లెయాంద్రో సెర్తూచె ఏటికి అవతల ఒడ్డునున్న తొర్రెయోన్ వాడే. మంచి కుర్రాడు, కాస్త పొగరు. వాళ్ళమ్మ దోన్యా ఓతీలియా. మేం వెళ్ళేసరికి ఆవిడ ఎండుమిరపకాయల ముద్దలో పంది మాంసం ఉడకబెడుతోంది. ఎవరిస్తో మామూలుగానే బన్నులిచ్చాడు, మాటలు కలిపాడు, మొదటి పళ్ళెం ఖాళీ చేశాడు, ఆ ప్రశ్న అడిగాడు.

ఆవిడ గరిట గిన్నెలో వదిలేసి మా ఎదురుగా కూర్చుంది.

"ఎడమ కన్ను నాయనా. పక్కనుంచి నల్లగా తెర దిగుతున్నట్టుందని నాతో ఒక్కదానితోనే అన్నాడు. బాక్సింగ్ సంఘంవాళ్ళు కంటి పరీక్షకి పిలిస్తే గోడమీద అక్షరాలు ముందే కంఠతా పట్టి ఒప్పజెప్పి వచ్చాడు. పోటీ మానరా అంటే నాతో మాట్లాడటం మానేశాడు. నేను నీకు చెప్పానని తెలిస్తే ఇంక ఈ గడప తొక్కడు."

"ఎవ్వరికీ చెప్పనమ్మా," అన్నాడు ఎవరిస్తో. ఆ రోజు రెండోసారి వడ్డించుకోలేదు. వాడు రెండో పళ్ళెం వదిలెయ్యడం నేను అదే మొదటిసారి చూడటం.

తిరిగి వస్తుంటే బండి వంతెన ఎక్కింది. నాకు లోపల ఒకటే ఉబలాటం. దారం ఎలాగూ కట్టి ఉంది, ఎడమ ఏదో ఈసారైనా మర్చిపోకు, ఆ వైపు రెండు తగిలిస్తే పట్టీ మనదే అన్నాను. ఎవరిస్తో నన్ను ఎగాదిగా చూశాడు.

"కుడి ఎడమలు తెలీక కొట్టట్లేదనుకున్నావా ఫిలెమోన్?"

అప్పుడు చెప్పాడు. కొత్తగా రింగెక్కిన రోజుల్లో ఒకణ్ణి చెవి మీద కొట్టాడట. వాడికి చిన్నప్పటినుంచీ ఆ చెవిలో చీము. ఆ దెబ్బతో ఆ చెవి ఇంక వినపడలేదు. ఆస్పత్రి వరండాలో వాళ్ళమ్మ వీణ్ణి తిట్టలేదట, శపించలేదట. ముందే అడిగి ఉంటే చెప్పేదాన్ని కదా నాయనా, అని మాత్రం అందట. అప్పట్నుంచి వీడు అడుగుతున్నాడు. ఎక్కడ కొట్టకూడదో తెలుసుకోవడానికి వీడు ఇంటింటికీ తిరిగాడు. నేనూ మాస్టారూ ఎక్కడ కొట్టాలో తెలుసుకోవడానికనుకున్నాం.

"అయితే పోటీ నుంచి తప్పుకో," అన్నాను.

"తల మీద ఎక్కడ తగిలినా ఆ కంటికి ముప్పే, నేను కొట్టలేను. కానీ ఇప్పుడే తప్పుకుంటే రేపే ఇంకొకణ్ణి పట్టుకొస్తారు. వాడు ఆ కంటి మీద కొట్టడని ఏం నమ్మకం? తూకం దాకా ఆగితే ఇంకొకణ్ణి తేవడానికి టైముండదు. ఆ రోజు నా బరువు గీత దాటాలి, అంతే."

"మరి పట్టీ?"

వాడు కిటికీలోంచి ఏటి ఇసక వైపు తిరిగాడు. "ఆవిడ వంట బాగుంది," అన్నాడు.

మర్నాడు మళ్ళీ వెళ్ళాడు. ఆ మర్నాడూ వెళ్ళాడు. దోన్యా ఓతీలియాకి సంగతి అర్థమైంది. రెండో రోజు మమ్మల్ని గుమ్మంలో చూసి, లోపలికెళ్ళి, పెద్ద గిన్నె పొయ్యి మీద పెట్టింది. నేను జీవితంలో ఎంతోమంది దెబ్బలు తినడం చూశాను కానీ అంత కష్టపడి ఎవరూ తినడం చూడలేదు. చొక్కా గుండీలు ఒక్కొక్కటే విప్పుకుంటూ, చెమటలు కక్కుతూ, అడ్డంగా తల ఊపుతూనే ఇంకో రొట్టె అందుకునేవాడు. మాస్టారు ఎదురైతే కడుపు లోపలికి పీల్చి పక్కకి తప్పుకునేవాడు.

తూకం రోజున కాటా ముల్లు దిగలేదు సరికదా, ఎగిరి అవతల గీతలో ఆగింది. మాస్టారు తువ్వాలు తీయించాడు, టోపీ తీయించాడు, ఎర్రదారం కూడా కత్తిరించాడు. గుండు గీయిద్దామని మంగలి కోసం కేకేస్తే, గుండు కాదు కదా తల తీసినా లాభం లేదన్నాడు సంఘం పెద్ద. పోటీ రద్దయింది, వసంతం దాకా రింగెక్కకూడదని ఎవరిస్తోకి శిక్ష వేశారు. సెర్తూచె మొదట పగలబడి నవ్వాడు, తరవాత కుర్చీ తన్నేశాడు. "నా పోటీని తినేశాడు వీడు," అని అరిచాడు.

మాస్టారు అరవలేదు. ఆయన అరిచి ఉంటే బాగుండేది.

"నీకు పట్టీ అక్కర్లేదురా. ముద్ద కావాలి. పోయి తిను," అని వెళ్ళిపోయాడు.

పత్రికలు 'అల్లుడు అరాయించుకోలేకపోయాడు' అని రాశాయి. ఆ సాయంత్రం ఎవరిస్తో జిమ్ మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. వాడు ఆవిడకి మాటిచ్చాడు కాబట్టి నేనూ మాస్టారికి చెప్పలేకపోయాను. పక్కన కూర్చుని నేనూ ఏడ్చాను. మధ్యలో వాడు సోడా తెచ్చి పెట్టమన్నాడు, నిజంగానే అరగలేదు.

పోటీ లేకపోయేసరికి సెర్తూచెకి ఇంక వంక దొరకలేదు. వాళ్ళమ్మ చెవి పట్టుకుని కంటి డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళిందట. ఇంకొక్క గట్టి దెబ్బ పడితే కన్ను చీకటైపోయేదన్నాడట డాక్టరు. ఆపరేషన్ చేశారు.

అక్టోబరు చివర్లో మా పునీతుడు సాన్ హూదాస్ పండగకి దోన్యా ఓతీలియా మొక్కు తీర్చుకుంది. మా వైపు మొక్కు తీరితే వీధిలో గుండిగలు ఎక్కించి, వచ్చినవాళ్ళందరికీ వడ్డించాలి. దీన్ని రెలీకియా అంటాం. ఎవరి గిన్నెలు వాళ్ళు తెచ్చుకుంటారు, శత్రువైనా రావచ్చు, రానంటే సాన్ హూదాస్‌కి కోపం. అందుకని ఎవరిస్తోతో మాట మానేసిన మాస్టారు కూడా గిన్నె పట్టుకుని వరసలో నిలబడ్డాడు. ఎవరిస్తో ఎక్కడో చివర అరుగు మీద, గిన్నె అడుగున రవ్వంత వేయించుకుని ఒదిగి కూర్చున్నాడు. తూకం రోజు నుంచి వాడి తిండి అంతే.

నల్లకళ్ళద్దాలు పెట్టుకుని గరిటతో వడ్డిస్తున్నది సెర్తూచె. మాస్టారి వంతు వచ్చేసరికి దోన్యా ఓతీలియా కొడుకు చెయ్యి పట్టి ఆపింది.

"మాస్టారూ, మీవాడు ఆశకొద్దీ తినలేదు. నా బిడ్డ కన్ను కోసం తిన్నాడు. మాటిచ్చాడని తను నోరు విప్పలేదు. నా కొడుక్కి నేనే చెప్పేశాను, ఇప్పుడు మీకూ చెబుతున్నాను."

సెర్తూచె అద్దాలు తీసేశాడు. రెండు కళ్ళూ తడిగా ఉన్నాయి, రెండూ మాస్టారినే చూస్తున్నాయి. డాక్టరు ఇంక రింగెక్కొద్దన్నాడనీ, పట్టీ సంఘానికి తిరిగి ఇచ్చేశాననీ చెప్పాడు. వసంతంలో ఖాళీ పట్టీకి పోటీ పెడతారనీ, మొంక్లోవా నుంచి ఒకడు వస్తున్నాడనీ, రెండోవాడుగా ఎవరిస్తో పేరు చెప్పి వచ్చాననీ అన్నాడు. నలుగురూ వింటుండగా తడబడుతూ చెప్పాడు, పొగరు ఏమైపోయిందో తెలీదు.

మాస్టారు తన గిన్నె కింద పెట్టాడు. వాడి చేతిలో గరిట తీసుకున్నాడు. గుండిగ అడుగుదాకా ముంచి, మంచి ముక్కలు చూసి తీసి, కారుతున్న గరిటతో వీధంతా నడిచి ఎవరిస్తో ముందు నిలబడ్డాడు.

"గిన్నె పట్టు."

"మాస్టారూ, బరువు..."

"ఇవాళ కాటా లేదు. రేపు పొద్దున్నే ఏట్లో పరిగెత్తిస్తాను. పట్టు."

ఎవరిస్తో రెండు చేతులా గిన్నె పట్టాడు. ఓ ముక్క నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, మెల్లిగా అడిగాడు.

"మొంక్లోవా వాడికి వాళ్ళమ్మగారు ఉన్నారా మాస్టారూ?"

"ఉందట," అన్నాడు దోన్ లిబ్రాదో. "ఈసారి నేనూ వస్తాను." ఇంకో గరిట తేవడానికి గుండిగ వైపు నడిచాడు.