నా బిడ్డ ముఖం చూసి ఖైరున్ బీ ఏమీ చెప్పలేదు

దయ్యాలంటే నాకు చిన్నప్పటి నుంచీ నవ్వే. నేను నర్సుని. ఇరవై ఎనిమిదేళ్ళు ఆసుపత్రుల్లో పనిచేశాను. శవాన్ని మార్చురీకి పంపించి, చేతులు కడుక్కుని, టిఫిన్ డబ్బా తెరిచిన రోజులు చాలా ఉన్నాయి. సాముద్రికం, పుట్టుమచ్చల ఫలితాలు, ముఖం చూసి గుణం చెప్పడం, వీటన్నిటినీ కూడా ఆ దయ్యాల గాటనే కట్టేసేదాన్ని. ఇప్పటికీ నాకు వాటి మీద నమ్మకం కుదరలేదు.

అయినా ఒక మధ్యాహ్నం జరిగింది మాత్రం ఎంత ఆలోచించినా తెగడం లేదు. దానివల్ల పదేళ్ళు నా కొడుకును నేను సరిగ్గా చూడలేకపోయాను. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది రేపల్లె దగ్గర. గుంటూరులో నర్సింగ్ చదివాను. పెళ్ళయ్యాక ఆయనకు కంచన్‌బాగ్‌లో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టర్ ఉద్యోగం వస్తే హైదరాబాద్ వచ్చాం. క్వార్టర్ దొరికేదాకా హుస్సేనీ ఆలంలో రెండు గదుల వాటా అద్దెకు తీసుకున్నాం. అక్కడి నుంచి నడిచి వెళ్ళే దూరంలో ఒక ట్రస్టు వాళ్ళ చిన్న ప్రసూతి ఆసుపత్రి ఉండేది. పేరు రాయను. తొంభై రెండులో అందులో స్టాఫ్ నర్సుగా చేరాను.

అక్కడి ఆయాల్లో అందరికన్నా పెద్దది ఖైరున్ బీ. యాభై దాటి ఉంటాయి. ఎడమ మణికట్టు మీద రూపాయి బిళ్ళంత కాలిన మచ్చ ఉండేది. పుట్టిన బిడ్డను తుడిచి, గుడ్డలో చుట్టి, తల్లి పక్కన పడుకోబెట్టే ముందు ఒక నిమిషం ముఖం చూసి ఏదో ఒక మాట చెప్పేది. ఈ బాబు జిద్దీ, మొండివాడు అనో, ఈ పిల్ల చేతికి ఎముక ఉండదనో, వీడికి ఒకచోట కాలు నిలవదనో. ముఖం చూసి మనిషిని చదివే విద్యను ఉర్దూలో ఖియాఫా అంటారట. వాళ్ళ నాన్న అందులో పేరున్నవాడట. తల్లులకు ఆ మాట వినందే తోచేది కాదు.

నాకు మాత్రం చిరాకుగా ఉండేది. అప్పుడే పుట్టిన బిడ్డది ఏం ముఖం? వచ్చే దారిలో నలిగి తల సాగి ఉంటుంది. కనురెప్పలు ఉబ్బి, ముక్కు ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. మూడు రోజుల్లో ఆ రూపమే ఉండదు. ఇదే మాట ఒకసారి ఆమెతో అన్నాను. ఆమె నవ్వింది.

“గా మూడు దినాలే అది దాని సొంత ముఖం సిస్టర్. తర్వాత అమ్మది, నాయినది వచ్చి కూసుంటది.”

పంతానికి పోయి, ఆమె చెప్పినవన్నీ కొన్నాళ్ళు నా డైరీ వెనక పేజీల్లో రాసి పెట్టాను. టీకాలకు వచ్చినప్పుడు తల్లులను అడిగేదాన్ని. సగం సరిపోయాయి, సగం సరిపోలేదు. మొండివాడు అన్నవాడు నోట్లో నాలుక లేనట్టు ఉన్నాడు. శాంతం అన్న పిల్ల సూది చూసి వార్డంతా లేపింది. ఊహించి చెబితే నాకూ సగం సరిపోతాయి అనుకుని డైరీ మూసేశాను. కానీ ఒక సంగతి గమనించాను. ఆమె ఏ బిడ్డ దగ్గరా మాట్లాడకుండా ఉండలేదు. చిన్నదో పెద్దదో ఒక మాట చెప్పేది.

తొంభై ఆరు వేసవిలో నా కాన్పు. నెల ముందే సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను. అమ్మ రేపల్లె నుంచి వచ్చింది. హైదరాబాద్ రావడం ఆమెకు అదే మొదటిసారి. మా ఆసుపత్రిలోనే పురుడు పోసుకుంటానని నేనే పట్టుబట్టాను.

మధ్యాహ్నం రెండు దాటాక బాబు పుట్టాడు. కరెంటు లేదు. అమ్మ నా తల దగ్గర నిలబడి ఉంది. ఖైరున్ బీ బిడ్డను తుడిచి, గదిలో వెలుతురు చాలక కిటికీ దగ్గరకు తీసుకెళ్ళింది. ముఖం చూసింది. తడిగుడ్డతో ఇంకోసారి తుడిచి మళ్ళీ చూసింది. చాలాసేపు అలాగే నిలబడింది. తర్వాత బిడ్డను తెచ్చి నా పక్కన పెట్టింది గానీ నా వైపు చూడలేదు.

ఏం చెప్పలేదేంటి అని నేనే అడిగాను, నవ్వుతూనే.

“గిది నన్ను అడగకు సిస్టర్,” అంది. అని వెళ్ళిపోయింది.

మర్నాడు ఆమె కనిపించకపోతే వార్డులో అడిగాను. బీదర్‌లో కూతురి దగ్గరకు పోయిందన్నారు. నా బిడ్డను చూసిన రోజే ఊరు విడిచి పోయిందా అనుకున్నాను. బాలింతను, నిద్ర లేదు. ఆ ఆలోచన అలాగే లోపల పడిపోయింది.

బాబుకు మూడో నెలలో క్వార్టర్ దొరికింది. కంచన్‌బాగ్ వెళ్ళిపోయాం. నేను ఆ ఉద్యోగం మానేశాను. మూడేళ్ళ తర్వాత వేరే ఆసుపత్రిలో చేరాను. పదేళ్ళదాకా మళ్ళీ ఖైరున్ బీని చూడలేదు.

బాబుకు వినయ్ అని పేరు పెట్టాం. ఆరోగ్యంగా పెరిగాడు. అందరి పిల్లల్లాగే పక్కింటి పిల్లాణ్ణి కొరికాడు, చీమల పుట్టలో నీళ్ళు పోశాడు, హోంవర్క్ చేశానని అబద్ధం చెప్పాడు. వేరే పిల్లలు చేస్తే నవ్వుకునేదాన్ని. వీడు చేస్తే ఖైరున్ బీ చూపు గుర్తొచ్చేది. వాడు అన్నం తింటున్నప్పుడు, బొమ్మలు వేసుకుంటున్నప్పుడు వాడికి తెలియకుండా ముఖం చూస్తూ ఉండేదాన్ని. వాణ్ణి అలా చూడకు, బెదిరిపోతాడు అని మా ఆయన రెండు మూడుసార్లు చెప్పారు. నేను ఏమీ లేదనేదాన్ని. ఆ రోజు సంగతి ఆయనకు చెప్పలేదు. చెబితే నేను నమ్ముతున్నట్టు అవుతుందని సిగ్గు.

నమ్మనిదాన్ని చివరికి ఏం చేశానంటే, వాడి ఫోటో పట్టుకుని ముఖాలు చదివేవాళ్ళ దగ్గరకు వెళ్ళాను. చార్మినార్ దగ్గర గాజుల దుకాణాల పక్కన ఫుట్‌పాత్ మీద కూర్చునే ఒకాయన చెవులు చూసి రాజులా బతుకుతాడన్నాడు. సంతోష్‌నగర్‌లో ఒక పంతులుగారు కనుబొమలు కలిశాయి కాబట్టి మనసులో మాట దాస్తాడన్నారు. మూడో ఆయన కింది పెదవి చూసి, కోపం వస్తే ఎదుటివాళ్ళకు హాని చేసే జాతకం అన్నాడు. ఒకే ఫోటో. ముగ్గురూ ముగ్గురు పిల్లల గురించి చెప్పారు. నమ్మదగిన విద్య అయితే ఇలా ఉంటుందా? ఆ మాత్రం నాకు తెలుసు. కానీ మొదటి రెండు మాటలు బస్సు ఎక్కేలోపే మర్చిపోయాను. మూడోది మాత్రం ఇంటిదాకా వచ్చింది.

వాడికి పదేళ్ళు వచ్చిన ఏడాది స్కూల్ నుంచి ఫోన్ వచ్చింది. వినయ్ స్నేహితుడు ఇమ్రాన్ మెట్ల మీద నుంచి పడ్డాడట. తలకు దెబ్బ తగిలింది, స్పృహ లేదు. పడినప్పుడు పక్కన వినయ్ ఒక్కడే ఉన్నాడు. తోశాడేమోనని ఎవరో అన్నారట.

ఆటో ఎక్కాను. అనుకున్నంతా అయిందనుకున్నాను. స్కూల్ వరండాలో వాడు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. నేను వెళ్ళి గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తాను.

“ఎందుకు తోశావు?”

వాడు నా కళ్ళలోకి చూశాడు. ఆ రోజూ మాట్లాడలేదు, మర్నాడూ మాట్లాడలేదు.

మూడో రోజు ఇమ్రాన్ తేరుకున్నాడు. రెయిలింగ్ మీద కూర్చుని జారుతుంటే పట్టు తప్పిందని, వినయ్ తన కాలర్ పట్టుకుని ఆపబోయాడని వాడే చెప్పాడు. వినయ్ నిక్కరు జేబులో ఇమ్రాన్ చొక్కా గుండీ దొరికింది. తెగిన దారం దానికింకా వేలాడుతూ ఉంది. ఇమ్రాన్ వాళ్ళమ్మ మా ఇంటికి వచ్చి వాణ్ణి దగ్గరకు తీసుకుని ఏడ్చింది.

ఆమె వెళ్ళాక వాడు నోరు విప్పాడు.

“అందరు ఏమైందని అడిగిన్రు అమ్మా. నువ్వొక్కదానివే ఎందుకు తోశావని అడిగినవ్,” అన్నాడు. తర్వాత, “నా ముఖంల ఏముంది?” అన్నాడు.

ఆ తర్వాత వాడు నాతో మాట్లాడేటప్పుడు ముఖం పక్కకు తిప్పుకోవడం మొదలుపెట్టాడు. తిండి దగ్గర తల వంచుకునే కూర్చునేవాడు. ఇంట్లో నాకు కూర్చోబుద్ధి అయ్యేది కాదు, నిలబడబుద్ధి అయ్యేది కాదు. ఇక ఆగలేక ఒక సెలవు రోజు ఖైరున్ బీని వెతుక్కుంటూ హుస్సేనీ ఆలం వెళ్ళాను.

కిరాణా కొట్టులో అడిగితే ఇల్లు చూపించారు. కొడుకు ఇంట్లో ఉంటోంది. శుక్లాల ఆపరేషన్ అయి, సోడాబుడ్డి అద్దాలు పెట్టుకుని ఉంది. నన్ను గొంతుతో గుర్తుపట్టింది. కూర్చోబెట్టి చాయ్ పోయించింది. నేను అంతా చెప్పి, ఆ రోజు నా కొడుకు ముఖంలో ఏం చూశావని అడిగాను.

“నేను ఆ దినం లేనే లేను సిస్టర్. బిడ్డ కాన్పుకని బీదర్ పోయి ఉంటి. నీ కొడుకును ఇప్పటిదాంక చూడనే లేదు.”

నేను వాదించాను. మణికట్టు పట్టుకుని, ఈ చేత్తోనే తుడిచావని చెప్పాను. ఆమెకు కోపం రాలేదు. జాలిపడింది. తన మనవరాలు అదే వేసవిలో పుట్టిందని, తిరిగి వచ్చేసరికి తన పని పోయిందని చెప్పింది.

మర్నాడే పాత ఆసుపత్రికి వెళ్ళాను. అప్పటికింకా మూయలేదు. పాత క్లర్క్ నా మీద గౌరవంతో బీరువా తీయించాడు. ఆయాల హాజరు పట్టీలో ఖైరున్ బీ వరుస చూశాను. నా కాన్పుకు పదకొండు రోజుల ముందు నుంచే గైర్హాజరు గుర్తులు ఉన్నాయి. కాన్పుల రిజిస్టరులో బిడ్డను అందుకున్న ఆయా అన్నచోట యాదమ్మ పేరు ఉంది. నా కేస్‌షీట్ కూడా చూశాను. మత్తు మందు ఏదీ ఇవ్వలేదు.

యాదమ్మ అప్పటికీ అక్కడే పనిచేస్తోంది. నా కాన్పప్పుడు పాతికేళ్ళ పిల్ల. అడిగితే వెంటనే చెప్పింది.

“నేనే పట్టుకున్న సిస్టర్. కరెంట్ లేదని కిటికీ కాడికి తీస్కపోయిన. నువ్వు కండ్లు మూస్కొని పన్నవ్, ఏం అడగలే.”

ఆమె రెండు చేతులూ చూశాను. మచ్చ లేదు.

సరే, అలసటలో ఉన్నాను, ఖైరున్ బీ ఉంటుందని ఎదురుచూశాను, యాదమ్మను చూసి ఆమె అనుకున్నాను. నర్సుగా నేను ఇంకో రోగికి చెప్పే మాట ఇదే. దాంతో సరిపెట్టుకునేదాన్నే. కానీ ఆ సాయంత్రం రేపల్లెకు ఫోన్ చేసి, కావాలనే ఇంకేమీ చెప్పకుండా, పురుడప్పుడు బాబును ఎవరు పట్టుకున్నారో గుర్తుందా అని అమ్మను అడిగాను.

“ఎవరో పెద్దావిడ అమ్మాయ్. ఎడం చేతి మీద కాలిన మచ్చ. బిడ్డను కిటికీ దగ్గర పెట్టుకుని అట్టా చూస్తా నిలబడింది. నువ్వడిగినా చెప్పకుండా పోయింది. అప్పుడే నాకు ఒళ్ళు మండింది.”

అమ్మ అంతకుముందు ఖైరున్ బీని ఎరగదు. తర్వాత కూడా చూడలేదు. మచ్చ సంగతి నేనే ఎప్పుడో చెప్పి ఉంటానా? చెప్పినట్టు గుర్తు లేదు. గుర్తు లేనంత మాత్రాన చెప్పలేదని ప్రమాణం చేయలేను.

నేను వెళ్ళిన రోజే ఖైరున్ బీ పిల్లాణ్ణి ఒకసారి తీసుకురమ్మని చెప్పింది. వినయ్ రానన్నాడు. ఆమె కూడా నన్ను చూస్తదా అని అడిగాడు. చూడదని మాటిచ్చి తీసుకెళ్ళాను. నేను అడగకుండానే, మేము లోపలికి రాగానే ఆమె అద్దాలు తీసి గూట్లో పెట్టేసింది. వాడికి ఉస్మానియా బిస్కెట్లు పెట్టి ఇమ్రాన్ గురించి అడిగింది. వాడు రెయిలింగ్ సంగతి, గుండీ సంగతి, ఆ రెండు రోజులు అన్నం సయించకపోవడం, ఇమ్రాన్ చచ్చిపోతాడేమోనని భయపడటం, అన్నీ చెప్పాడు. నాకు చెప్పనివి గంటసేపు ఆమెకు చెప్పాడు. నేను గడప దగ్గర కూర్చుని విన్నాను.

వచ్చేటప్పుడు నన్ను పక్కకు పిలిచింది.

“ముఖం నాకు కానరాలే సిస్టర్. పోరడు మంచిగ మాట్లాడుతడు. ఫికర్ పడకు,” అంది.

దారిలో వాడికి మొత్తం చెప్పాను. పదేళ్ళు ఎందుకలా చూశానో చెప్పి, తప్పు నాదేనన్నాను. చార్మినార్ దగ్గర బస్సు కోసం నిలబడ్డాం. వాడు ఆటోల వైపు చూస్తూ, “ఆమె రాకపోతే మరి ఎవరు వచ్చిన్రు?” అన్నాడు. తెలియదన్నాను. అది నిజం. ఆ తర్వాత ఖైరున్ బీ పోయింది, అమ్మ పోయింది, ఆసుపత్రి మూసేశారు. ఇప్పుడు అడిగినా అదే చెబుతాను.

వాడు తిరిగి నా ముఖంలోకి సూటిగా చూసి మాట్లాడటానికి చాలా ఏళ్ళు పట్టింది. కోపం పెట్టుకోలేదు. అలవాటు తప్పింది, అంతే.

మొన్నీమధ్య వినయ్‌కి కూతురు పుట్టింది. వాడే తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. పెట్టి పక్కకు తప్పుకోలేదు. బిడ్డను చూడలేదు, నా ముఖమే చూస్తూ నిలబడ్డాడు. నేను ముందు పాదాలు చూశాను, వేళ్ళు లెక్కపెట్టాను. ఏదో ఒకటి వెంటనే చెప్పాలని తొందరపడి, బాగుందిరా, చాలా బాగుంది అన్నాను. వాడు అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి వదలడం నాకు వినిపించింది.