పొడుగు ఫొటో

నిన్న మా పాప స్కూలు దరఖాస్తు కోసం కంప్యూటర్‌లో పెయింట్ తెరిచి ఫొటో సైజు తగ్గిస్తుంటే, అడ్డం ఎంత, నిలువు ఎంత అని అడిగే చిన్న పెట్టె చూసి మా పిన్ని గుర్తొచ్చింది.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. అమ్మ చెల్లెలైన పిన్ని పెదకాకానిలో మాతోనే ఉండేది. పొద్దున మిరపకోతకు వెళ్లొచ్చి, మధ్యాహ్నం నుంచి కానిస్టేబుల్ పరీక్షకు చదివేది. చదువులో భయం లేదు. ఎత్తే ఒక్క సెంటీమీటరు తక్కువ.

దరఖాస్తు నింపేరోజు ఇంట్లోని పాత కంప్యూటర్ ముందు కూర్చొని, "ఫొటో సైజు ఎక్కువైందంట, కాస్త తగ్గించవే" అంది. బడిలో పెయింట్ నేర్చుకున్నదాన్ని నేనే. అడ్డాన్ని సగానికి తగ్గించి, నిలువు అలాగే ఉంచాను.

"ఏందే ఇది, నా మొహం సొరకాయలా ఉంది?"

"పొడుగు చేశా పిన్నీ. ఇప్పుడు నిన్ను తీసుకుంటారు."

అమ్మ పడీపడీ నవ్వింది. పిన్ని నవ్వలేదు. "వాళ్లు కొలిచేది నన్నే గదమ్మా" అని నా బుగ్గ నిమిరింది. ఆ చేతి మిరపఘాటుకి సాయంత్రం దాకా బుగ్గ మండింది. ఫొటో మళ్లీ సరిగ్గా తగ్గించి పంపాం.

రాతపరీక్ష పాసైంది. గుంటూరు గ్రౌండులో ఎత్తు కొలిచి వెనక్కి పంపేశారు.

ఆ సాయంత్రం నన్ను పక్కన కూర్చోబెట్టుకొని, "మడమలు కొంచెం లేపానే. కొలిచే ఆవిడ భుజాలు పట్టుకొని కిందికి నొక్కింది" అని మెల్లగా చెప్పింది. అమ్మకు చెప్పలేదు.

నాకే ఎందుకు చెప్పిందో అప్పుడు తెలియలేదు. ఆమెను పొడుగు చేయాలని చూసింది ఆ ఇంట్లో మేమిద్దరమే.