స్క్రూ మీద గోళ్లరంగు చుక్క

మా పిన్ని బస్సు డిపోలో డ్యూటీ చార్టు రాసే గుమాస్తా. తొంభై నాలుగు మంది డ్రైవర్లు, వారానికో చార్టు. ఎవరు ఏ పూట ఏ బస్సు ఎక్కాలో, ఎన్నింటికి దిగాలో స్కేలు పెట్టి గీతలు గీసి పెన్సిలుతో రాసేది. పెన్సిలు ఎందుకంటే సోమవారం రాసింది బుధవారానికి ఉండేది కాదు. ఒకడికి జ్వరం, ఒకడికి బావమరిది పెళ్లి, ఇంకొకడికి పక్కవాడితో పేచీ. చెరిపి రాసి, రాసి చెరిపి, శనివారానికి ఆ కాగితం చిల్లులు పడేది. డ్రైవర్లు ఆవిడను ఎదురుగా చార్టమ్మగారూ అనేవాళ్లు. వెనక ఏమనేవాళ్లో ఇక్కడ రాయను.

మా బాబాయి అదే డిపోలో డ్రైవరు. ఒక వారం ముగ్గురు సెలవు పెట్టారు, ఇద్దరు డ్యూటీలు మార్చుకున్నారు. ఆ మార్పుల గందరగోళంలో రాత్రంతా బస్సు నడిపి దిగిన మనిషికే పొద్దున ఆరు గంటల బస్సు పడింది. ఆ మనిషి బాబాయి. రాసిన చెయ్యి పిన్నిది. ఎనిమిదింటికి ఆయన స్టీరింగు మీద ఒక్క క్షణం కునికాడు. బస్సు కల్వర్టు గోడను కొట్టింది. ముందు సీట్లో ఉన్న ఒక పెద్దాయన పోయాడు. బాబాయికి ఎడమ కాలు మోకాలి కిందికి తీసేశారు. విచారణ కాగితంలో డ్రైవరు నిర్లక్ష్యం అని రాశారు. చార్టు ఊసే ఎత్తలేదు.

నేను పిన్నికి అక్క కూతుర్ని. టెలిఫోను ఆఫీసులో ఉద్యోగం దొరికి వాళ్లింట్లో ఉండటానికి వచ్చేసరికి ఇదంతా జరిగి నాలుగేళ్లయింది. బాబాయి కిటికీ పక్క కుర్చీలో కూర్చుని వచ్చేపోయే బస్సులకు వంకలు పెడుతుండేవాడు. “మీ పిన్ని అందరిచేతా పని చేయించింది కానీ, నాచేత మాత్రం కాస్త ఎక్కువ చేయించిందమ్మా” అని నవ్వేవాడు. పిన్ని నవ్వేది కాదు. అలాగని మొహం తిప్పుకునేదీ కాదు.

ఆ ఇంట్లో నాకు పడనిది ఒక్కటే, ఆ కంప్యూటరు. ఎవరో లెక్కల మాస్టారు వాడి వదిలేసినదాన్ని పిన్ని కొనుక్కొచ్చింది. మీటలున్న పలక లాంటి పెట్టె, దాన్ని టీవీకి తగిలించాలి. దానికి జ్ఞాపకం లేదు. కరెంటు తీస్తే నేర్పినదంతా మరిచిపోయేది. అందుకని పిన్ని రాసిన ప్రోగ్రామునంతా అది చప్పుడుగా మార్చి టేప్‌రికార్డరులోకి పంపేది. పాటల క్యాసెట్ల లాంటివే క్యాసెట్లు. మర్నాడు ఆ క్యాసెట్టు వేస్తే అది తన చప్పుడు తనే విని, నిన్నటి సంగతులు ఆరు నిమిషాల్లో గుర్తు తెచ్చుకునేది. ఆ ఆరు నిమిషాలూ ఇంట్లో రంపంతో రేకు కోస్తున్నట్టు ఉండేది. నేను చెవుల్లో దూది పెట్టుకుని కూర్చునేదాన్ని. పిన్ని మాత్రం కళ్లు మూసుకుని వినేది. ఎక్కడ తేడా వచ్చినా ఆ చప్పుడులోనే పట్టేసేది.

ఆవిడ కోరిక చాలా చిన్నది. బస్సు దిగిన డ్రైవరు పది గంటలు పడుకోకుండా అతని పేరు మళ్లీ చార్టులో పడకూడదు. పెన్సిలు మరిచిపోతుంది, క్యాసెట్టు మరిచిపోదు. దాని కోసం డిపో నుంచి వచ్చి, వంట చేసి, బాబాయి కాలికి కట్టు మార్చి, రోజూ రెండు గంటలు ఆ టీవీ ముందు కూర్చునేది. మూడేళ్లు కూర్చుంది. డిపో మేనేజరు చుట్టూ మరో ఏడాది తిరిగింది. ఆయన చివరికి విసుగెత్తి, “సరే, సోమవారం పదింటికి అరగంట ఇస్తాను. నా గదిలో టీవీ ఉంది. పని చేస్తే వాడదాం, లేకపోతే మళ్లీ నన్ను అడక్కండి” అన్నాడట. ఆ మాట చెబుతున్నప్పుడు పిన్ని మొహం చూడాలి. ఆవిడకు పెళ్లినాటి ఫోటోలో కూడా అంత సంతోషం లేదు.

ఇక నా నిర్వాకం చెప్పాలి.

శనివారం పిన్ని అన్నీ ఒకసారి నడిపి చూసుకుంది. చక్కగా పనిచేశాయి. కంప్యూటరునీ రికార్డరునీ తువ్వాళ్లలో చుట్టి సంచుల్లో పెట్టింది. ఆదివారం బాబాయిని తీసుకుని కొయ్యకాలు కొలతలకు ఆసుపత్రికి వెళ్లింది. నేను ఇంట్లో ఒక్కదాన్నే. ఆ రికార్డరు ప్లే మీట గట్టిగా రెండుసార్లు నొక్కితే గాని దిగేది కాదు. రేపు మేనేజరు ముందు పిన్ని ఆ మీటతో కుస్తీ పడితే బాగుండదనిపించింది. సాయం చేద్దామనే అనుకున్నాను. చెప్పకుండా చేస్తే సంబరపడుతుందనీ అనుకున్నాను. తువ్వాలు విప్పి రికార్డరును వీధి చివర రేడియో మెకానిక్కు దగ్గరకు పట్టుకెళ్లాను.

అతను మంచి పనివాడు. మీట బాగుచేశాడు, దుమ్ము తుడిచాడు, నూనె చుక్కలు వేశాడు. పాటల క్యాసెట్టు పెట్టి విన్నాడు. “హెడ్డు వంకరగా ఉందమ్మా, పాట మూసుకుపోయినట్టు వస్తోంది. ఇన్నాళ్లూ ఎలా విన్నారో” అని జాలిపడి, సన్నటి స్క్రూడ్రైవరుతో ఒక స్క్రూ తిప్పాడు. పాట గలగలమంటూ వచ్చింది. నేను థాంక్స్ చెప్పి, రికార్డరు తెచ్చి, తువ్వాలు మడతలు మునుపటిలాగే పెట్టాను.

హెడ్డు అంటే టేపును చదివే చిన్న ఇనప ముక్క. మాస్టారు ఇచ్చిన పాఠాల క్యాసెట్టు మొదట్లో కంప్యూటరుకు ఎక్కకపోతే, ఎక్కేదాకా పిన్నే ఆ స్క్రూ తిప్పి, కదలకుండా దాని మీద ఎర్ర గోళ్లరంగు చుక్క వేసింది. ఆ వంకరలోనే తన క్యాసెట్లన్నీ నింపింది. వంకర రికార్డరు రాసింది వంకర రికార్డరే చదవాలి. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. ముందే తెలుసుకోవచ్చు కదా అంటే, నాలుగు నెలలుగా చెవుల్లో దూది పెట్టుకున్నదాన్ని నేనే.

సోమవారం సెలవు పెట్టి మరీ సంచి మోయడానికి వెంట వెళ్లాను. మేనేజరు గది తాళం పదింటికి గాని తీయలేదు. పిన్ని తీగలు తగిలించి ప్లే నొక్కింది. మీట ఒక్క నొక్కుకే దిగింది. ఆవిడ ఒక్క క్షణం దాని వంక చూసింది. నేను లోపల మురిసిపోయాను. చప్పుడు మొదలైంది. రెండు సెకన్లు గడిచాయో లేదో పిన్ని మొహం పాలిపోయింది. నాకు ఆ చప్పుడు రోజూ వినేదానిలాగే ఉంది, కాకపోతే దుప్పటి కప్పినట్టుంది. ఆరు నిమిషాలయ్యాక తెర మీద తప్పు అని వచ్చింది. రెండోసారి, మూడోసారి కూడా అదే వచ్చింది.

పిన్ని రికార్డరు మూత తీసి లోపలికి వంగి చూసింది. తలెత్తకుండానే, “సన్న స్క్రూడ్రైవరు ఒకటి తెప్పిస్తారా సార్” అంది. ప్యూను వర్క్‌షాపుకు పరుగెత్తి మూరెడు పొడవున్నది తెచ్చాడు. ఇంకోటి తెమ్మంటే జానెడుది తెచ్చాడు. రోజుకు పది బస్సులు విప్పి బిగించే చోట ఆ గింజంత స్క్రూకు సరిపడేది లేదు. పిన్ని తలపిన్నుతో ప్రయత్నించింది, గోటితో ప్రయత్నించింది. గోరు విరిగింది. మేనేజరు గడియారం చూసుకున్నాడు.

“అరగంట అయిందమ్మా. ఇంటి దగ్గర పనిచేస్తుంది, ఇక్కడ చేయదు అంటే నేనేం చేయను? ఎందుకు ఆగిందో కారణం రాసివ్వండి. సరైన కారణమైతే ఇంకోసారి చూద్దాం.”

నాకు అప్పటికే అర్థమైంది. పిన్ని స్క్రూడ్రైవరు అడగగానే మెకానిక్కు తిప్పిన స్క్రూ గుర్తొచ్చింది. దారంతా చెబుదామనుకుంటూనే ఇంటికొచ్చాం. పిన్ని చెప్పులు కూడా విప్పకుండా అలమరలోంచి సన్న స్క్రూడ్రైవరు తీసి, చెవి ఆనించి, వెంట్రుకవాసి చొప్పున తిప్పింది. దుప్పటి తీసేసినట్టు రంపం చప్పుడు వచ్చింది. ఆరు నిమిషాలకు తొంభై నాలుగు పేర్లూ వరసగా తెర మీదకొచ్చాయి. ఏ పేరూ పది గంటల్లోపు రెండోసారి పడలేదు. చూడటానికి ఇంట్లో మేం ముగ్గురమే ఉన్నాం.

“ఈ రికార్డరు ఎవరైనా ముట్టుకున్నారా?” అని పిన్ని అడిగింది. నా వంక కాదు, తెర వంక చూస్తూ అడిగింది.

“లేదు పిన్నీ” అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. నోరు అలా తిరిగింది. ఆవిడ రికార్డరు మూత పెట్టి, “బస్సు కుదుపులకు కదిలి ఉంటుందిలే” అంది. హమ్మయ్య అనుకున్నాను. నిజంగానే అలా అనుకున్నాను, సిగ్గులేకుండా.

మర్నాడు ఆవిడ మేనేజరుకు ‘కారణం తెలియలేదు’ అని రాసిచ్చింది. ఆయన కాగితం ఫైల్లో పెట్టి ఫైలు మూసేశాడు. చార్టు మళ్లీ పెన్సిలుతోనే నడిచింది. పిన్ని ఇంటి దగ్గర ప్రతి వారం ప్రోగ్రాము నడిపి, డిపో చార్టులో ఎవరికి నిద్ర చాలదో చూసుకుని, వెళ్లి నోటితో చెప్పేది. కొన్నిసార్లు వినేవాళ్లు. పదిహేను నెలల తర్వాత ఒకసారి వినలేదు. అందరూ పొట్టోడా అని పిలిచే డ్రైవరు, వారంలో రెండుసార్లైనా వచ్చి బాబాయితో పేకాట ఆడిపోయే మనిషి, రాత్రి దిగి పొద్దున ఎక్కాడు. బస్సు లారీ వెనక దూరింది. అతనొక్కడే పోయాడు. కబురు వచ్చినప్పుడు పిన్ని బియ్యం ఏరుతోంది. చేట పక్కన పెట్టి, కంప్యూటరు తీగలన్నీ పీకి, పెట్టెలో పెట్టి మంచం కిందికి తోసింది. మళ్లీ తీయలేదు.

నేను ఆ నెలలోనే హాస్టలుకు మారిపోయాను. ఆఫీసు దూరమవుతోందని చెప్పాను. అదీ అబద్ధమే.

ముప్పై ఏళ్లయింది. బాబాయి పోయాడు. మొన్న పిన్ని ఇల్లు మారుతుంటే సామాను సర్దడానికి వెళ్లాను. మంచం కింద పెట్టె బయటికి లాగి, నాకు చేతనైనంత మామూలుగా, “ఇవన్నీ ఇంకా ఎందుకు పిన్నీ, పారేద్దామా?” అన్నాను.

ఆవిడ రికార్డరు మూత తీసి నా చేతిలో పెట్టింది. “స్క్రూ చూడు.”

కళ్లజోడు పెట్టుకుని చూశాను. ఎండిపోయిన ఎర్రచుక్క, నడిమికి పగిలి ఉంది.

“కుదుపులకు అది పగలదే. స్క్రూడ్రైవరు పెడితేనే పగులుతుంది. ఆ రోజు మేనేజరు గదిలోనే చూశాను. మీట కూడా ఎవరో బాగుచేశారు.”

కళ్లజోడు తీసి, “మరి కారణం తెలియలేదని ఎందుకు రాశావు?” అన్నాను.

“నిన్ను అడిగాను. లేదన్నావు. ఎవరో తిప్పారని రాస్తే ఎవరని అడుగుతారు. ఇంట్లో ఉన్నది మీ బాబాయి, నువ్వు. ఎవరి పేరు రాయను? నీ అంతట నువ్వే వచ్చి చెబుతావని ఆ రాత్రంతా చూశాను. పొద్దున్న కాఫీ ఇచ్చేటప్పుడు కూడా చూశాను. చెప్పి ఉంటే నిన్ను వెంటబెట్టుకెళ్లి, ఇదీ కారణం, ఇంకో అరగంట ఇవ్వండి అని అడిగేదాన్ని.”

“పొట్టి డ్రైవరు...” అన్నాను.

“ఊ” అంది. “చెప్పకపోవడం నీది, రాయకపోవడం నాది. నాది తగ్గించి చెప్పను.”

పెట్టెలో క్యాసెట్లు వరసగా ఉన్నాయి, అన్నింటి మీదా ఆవిడ గుండ్రటి చేతిరాత. వాటిని ఒక్కొక్కటే తుడుస్తూ పిన్ని నా వంక చూడకుండానే అంది:

“మీ బాబాయికి ఆసుపత్రిలో తెలివి వచ్చిన రోజే చెప్పాను, ఆ చార్టు రాసింది నేనేనని. కాలు లేదని కూడా ఆయనకు అప్పటికింకా తెలియదు. చెప్పడానికి నాకూ నోరు రాలేదు. అయినా చెప్పాను. నీకు ముప్పై ఏళ్లు ఇచ్చానే, ఇవాళ కూడా నాచేతే చెప్పించావు.”

నేను రికార్డరు మూత పెట్టి పెట్టెలో సర్దాను. పారేద్దామని మళ్లీ అడగలేదు. కొత్త ఇంటికి ఆ పెట్టె నేనే మోశాను.