మామయ్య ఆగిన చోట బెంచీ

నగరం దాటి నది వెంట వెళ్తే వరసగా పార్కులు వస్తాయి. వాటిలో ఒడ్డునే సాగే నడకదారులున్నాయి. ప్రతి దారి మొదట్లోనూ ఆకుపచ్చ పలక మీద ‘సులభం’ అని తెల్లటి అక్షరాలు కనపడతాయి. ఆ మాట వెనక ఏదో శాస్త్రం, కొలతలు, నిపుణుల సంఘం ఉన్నాయని జనం నమ్మకం. ఉన్నది మా మామయ్య ఊపిరితిత్తులు.

మామయ్య, అంటే మా అమ్మ అన్నయ్య, పార్కుల ఆఫీసులో స్టోరు గుమాస్తా. రేకుల షెడ్డులో రంగు డబ్బాలు, పారలు, తాళ్లు, కొయ్యమేకులు, వాటి మధ్య ఒక కుర్చీ. ఆ కుర్చీకీ ఆయనకీ మధ్య గాలి దూరే సందుండేది కాదు. ఆఫీసరు గది మేడ మీద. సంతకాలు కావలసిన కాగితాలు చంకలో పట్టనన్ని అయ్యేదాకా ఆగి, అన్నిటికీ కలిపి ఒక్కసారే మెట్లెక్కేవాడు.

ఆఫీసరు తెల్లవారకముందే పరుగు తీసే అలవాటున్న మనిషి. మొదటి దారి తయారైనప్పుడు ఆయనే ఈల వేసుకుంటూ ఒక చుట్టు తిరిగొచ్చి ‘సులభం’ అని రాయించాడు. తెరిచిన ఆదివారమే ఒక పెద్దమనిషి కుటుంబంతో వచ్చి సగం దారిలో కూలబడ్డాడు. ముందుకీ పోలేడు, వెనక్కీ రాలేడు. చివరికి తోటమాలి ఎండుటాకులు తోసే బండిలో కూర్చోబెట్టి తీసుకొచ్చారు. ఆ ఫోటో పేపర్లో పడింది. బండి, బండిలో పెద్దమనిషి, ఆయన తల పక్కనే పలక.

ఆఫీసులో మీటింగు పెట్టారు. ఒకరు యంత్రం కొనాలన్నారు, ఒకరు సంఘం వెయ్యాలన్నారు. ఆఫీసరు అన్నీ విని, మనలో అందరికన్నా నడవలేని మనిషి ఎవరో చూసి ఆయన్ని నడిపిద్దాం, ఆయన నడవగలిగితే సులభం అని రాసుకుందాం అన్నాడు. సరిగ్గా అప్పుడే మామయ్య చంకనిండా కాగితాలతో మెట్లెక్కొచ్చి గుమ్మం పట్టుకుని రొప్పుతున్నాడు. తలలన్నీ అటు తిరిగాయి. బడిలో గానీ కొలువులో గానీ ఎన్నడూ మొదట నిలవని మనిషి, పోటీ లేకుండా ఎంపికైపోయాడు. మర్నాటి నుంచి ఆఫీసులో ఆయన పేరు ‘కొలబద్ద’.

పద్ధతి తేలికైనదే. మామయ్య మాట్లాడుతూ నడవాలి. మాట సాగినంత మేరా దారి సులభం. ఎక్కడ మాట తెగి ఆయాసం వస్తుందో అక్కడ మేకు దిగ్గొట్టి, తర్వాత బెంచీ వేస్తారు. గంటల తరబడి ఏం మాట్లాడాలన్న చిక్కు మామయ్యకి లేదు. ఆయన దగ్గర మా నాన్న ఉన్నాడు.

మా నాన్న పెళ్లి కాకముందు ఒకసారి మామయ్య కొత్త సైకిలు అడిగి పట్టుకెళ్లాడు. తెచ్చి ఇచ్చేటప్పటికి దానికి గంట లేదు. ఆ గంట సంగతి మొదలుపెడితే మామయ్యకి కామాలే గానీ ఫుల్‌స్టాపులుండవు. మా నాన్నని తిట్టే తిట్లు ఎక్కడ ఆగితే అక్కడ మేకు. సాయంత్రం నాన్న కూడా అడిగేవాడు, ‘ఇవాళ నన్నెంత దూరం తీసుకెళ్లావు బావా’ అని.

రెండు మూడు వానాకాలాలు గడిచాయి. రోజూ నది గాలి, రోజూ నడక. మామయ్య బెల్టుకి కొత్త బెజ్జాలు పడ్డాయి. అత్తయ్య చొక్కాలన్నీ పక్కలకి కుట్టు వేసి చిన్నవి చేసింది. ఒకరోజు మామయ్య కొత్త దారి ఈ కొస నుంచి ఆ కొస దాకా మా నాన్నని ఏకబిగిన తిట్టి, ఆయాసం లేకుండా నిలబడ్డాడు. ఇంట్లో పండగే గానీ ఆఫీసులో విచారం. కొలబద్ద పాడైపోయిందని ఆఫీసరు ఫైల్లో రాశాడు. మామయ్య బల్ల మీదికి ఎవరూ చెప్పకుండానే రోజూ రెండు పూటలా బిస్కెట్ల పళ్లెం రావడం మొదలైంది. ఆ కొలువు మీద కన్నేసిన జీపు డ్రైవరు, బండి దిగినప్పుడల్లా అవసరానికి మించి మూలగసాగాడు.

మళ్లీ రేకుల షెడ్డుకి పోవడం మామయ్యకి చావుతో సమానం. నది చూసిన కళ్లతో రంగు డబ్బాలు చూడలేనన్నాడు. అంచేత ఆయాసం నేర్చుకున్నాడు. వంటింట్లో సాధన చేసేవాడు. మొదటిసారి అత్తయ్య హడలిపోయి నీళ్ల చెంబుతో పరిగెత్తింది. వారం తిరిగేసరికి, ‘కాస్త అవతలికి జరిగి ఆయాసపడండి, పొయ్యికి అడ్డం’ అనేది.

ఇక ఎక్కడ రొప్పాలన్నది ఆయన చేతిలో పని. ఎలాగూ అంతా ఒకటే కాబట్టి, బాగున్న చోట రొప్పాడు. నది మెలిక తిరిగే చోట, నీళ్లు రాళ్ల మీంచి దూకే చోట, సాయంత్రపు ఎండ అవతలి గట్టు మీద పడే చోట. అక్కడల్లా బెంచీలు వెలిశాయి. జనం మురిసిపోయారు. ఆఫీసరు సౌందర్య దృష్టిని మెచ్చుకుని పైవాళ్లు ఆయనకో జ్ఞాపిక ఇచ్చారు. నిజంగా కాళ్లు పీకినవాళ్లు మటుకు బెంచీకీ బెంచీకీ మధ్య నేల మీదే కూర్చునేవారు.

చివరి దారి కొలిచిన రోజు సెలవు కావడంతో నేనూ వెంట వెళ్లాను. ఆ దారి కొంత మేర పంపుహౌసు వెనకగా పోతుంది. ఒక పక్క పొడుగాటి సిమెంటు గోడ, ఇంకో పక్క మనిషి నడుమంత లావు గొట్టం. గొట్టం చాటున నది కనపడదు, దాని వాసన మాత్రం తెలుస్తుంది. ముందు మామయ్య, వెనక మేకులు పట్టుకుని ఆఫీసరు, ఆ వెనక నేను. మామయ్య తిట్లు సైకిలు తిరిగి తెచ్చిన దాకా వచ్చాయి. ‘తెచ్చి గోడకి ఆనించి, ఏమీ ఎరగనట్టు...’ అని ఆగాడు.

ఆఫీసరు తొందరలో ఉన్నాడు. ‘ఇక్కడేంటండీ, గోడ తప్ప ఏముందని? నాలుగడుగులేసి ఆ మలుపు దగ్గర ఆయాసపడండి. ఫోటోకి బాగుంటుంది,’ అన్నాడు.

ఆయనకి ఇన్నాళ్లూ అంతా తెలుసన్నమాట.

మామయ్య గొట్టం మీద కూలబడ్డాడు. మొహం తడిసిపోయింది. కాసేపటికి గానీ మాట రాలేదు.

‘ఇది నిజంది సార్,’ అన్నాడు. ‘ఇక్కడే వెయ్యండి.’

ఆఫీసరు గోడ వంక చూశాడు. ప్రారంభోత్సవానికి వచ్చే పెద్దలకి దీన్ని ఎలా చూపించాలన్న బెంగ ఆయన మొహంలో కనపడింది. ఇది నిజమని రాస్తే మిగతావన్నీ ఏమని రాయాలి, మీ కొలువు సంగతేంటి అని మెల్లిగా అడిగాడు.

‘డ్రైవరుకి ఇచ్చెయ్యండి. మేకు కొడితేనే లేస్తాను,’ అన్నాడు మామయ్య. నిజానికి కొట్టినా లేవలేడు. ఆఫీసరు రాయి వెతుక్కుని తనే మేకు దిగ్గొట్టాడు. నేనూ ఆయనా చెరో రెక్కా పట్టుకుని మామయ్యని జీపు దాకా నడిపించాం. జీపు దగ్గర డ్రైవరు మూలగడం మరిచిపోయాడు.

ఆ తర్వాత మామయ్య నది దగ్గరికి వెళ్లలేదు. గుండె సగమే పని చేస్తోందని ఆసుపత్రిలో చెప్పారు. నాన్న రోజూ వెళ్లి మంచం పక్కన కూర్చునేవాడు. ఒకరోజు, ‘ఏదీ, తిట్టు బావా,’ అన్నాడు. మామయ్య నవ్వి సైకిలు దగ్గర మొదలుపెట్టాడు. గంట దాకా రాకుండానే అలిసి కళ్లు మూసుకున్నాడు. మళ్లీ తిట్టలేదు.

మొన్న నాన్నా నేనూ ఆ దారిన వెళ్లాం. మలుపు దగ్గరి బెంచీల మీద ఫోటోలు తీసుకునేవాళ్లు ఒకరిద్దరున్నారు. గోడకి ఎదురుగా ఉన్న బెంచీ మటుకు నిండిపోయి ఉంది. చేతికర్ర పట్టుకున్నాయన, పసిపిల్లని ఎత్తుకున్న తల్లి, చెప్పులు విడిచి పాదాలు నొక్కుకుంటున్న ఒక ముసలావిడ. ‘ఎవడో రసికత లేనివాడు, గోడకి ఎదురుగా వేయించాడు,’ అంటోంది ఆవిడ, లేచే ఆలోచన మాత్రం లేకుండా.

నాన్న దారి పొడుగునా మాట్లాడుతూనే వచ్చాడు. ఇన్నేళ్లకి ఆయన వైపు కథ మొదటిసారి వింటున్నాను. సైకిలు ఎందుకడిగాడో, ఎక్కడ ఆపాడో, తిరిగి వచ్చేసరికి దాని చుట్టూ ఎవరెవరు నిలబడి ఉన్నారో.

‘అసలా గంట నేను తియ్యలేదురా. అది...’ అన్నాడు. ఆగిపోయాడు. మేకు కొట్టిన చోటుకి అటూ ఇటూ కాకుండా, సరిగ్గా అక్కడే.

ముసలావిడ ఆయన మొహం చూసి, చెప్పులు కాలితో పక్కకి నెట్టి జరిగింది.

‘కూర్చో నాయనా. తర్వాత చెబుదువుగాని.’