మాడు మీద చెయ్యి

మొన్న మా పెద్దమ్మ పెద్దకర్మ రోజున, కర్మ చేసిన మేనల్లుడు గుండుతో వచ్చి నా కాళ్లకు దండం పెట్టాడు. దీవించడానికి వాడి మాడు మీద పెట్టిన చెయ్యి తీయడానికి కాస్త ఆలస్యమైంది. పెద్దమ్మకు కొడుకులు లేరు. ఉన్న ఒక్క కూతురికి వీడొక్కడే. ఈ మాడును ఆమె ఎట్లా కాపలా కాసిందో చూసినవాళ్లలో ఇప్పుడు అక్కా నేనూ మిగిలాం.

ఎనభైల చివర్లో ఆ కూతురే, మా అక్క, నరసరావుపేటలో ప్రసవించింది. కాన్పు కష్టమై, బిడ్డ పుట్టగానే ఏడవలేదు. ఊపిరందక ఒళ్లంతా నీలంగా మారింది. పిల్లల డాక్టరు ఎట్లాగో ఊపిరి పోశాడు కానీ, ఆ కాసేపట్లో మెదడు దెబ్బతిన్నదేమో స్కానింగ్ తీసి చూడాలన్నాడు. ఆ మిషను అక్కడికి కొత్తగా వచ్చింది. గర్భిణులకు తీస్తారని తప్ప మాకేమీ తెలియదు. ఈపూరు పక్కనుంచి బస్సెక్కి వచ్చిన పెద్దమ్మకు ఒళ్లు మండింది. "పుట్టినాక ఇంకా స్కానింగ్ ఏందయ్యా? మగపిల్లోడని కనపడతానే ఉందిగా!"

తలకు తీస్తామని డాక్టరు సర్దిచెప్పి బిడ్డ టోపీ తీస్తే, మాడు నిండా ఆముదం. నర్సు అటు తిరిగినప్పుడు పెద్దమ్మ చేసిన పని. అదంతా తుడిచి, జెల్లు రాసి, మిషను పిడి దగ్గరికి తెచ్చేసరికి ఆమె అరచెయ్యి అడ్డం వచ్చింది.

"ఆ గూటంతో పొడవబాక."

"పొడవనమ్మా, ఆనిస్తానంతే. ఎముక అడ్డం ఉంటే లోపల కనపడదు. పసోళ్లకి ఇక్కడ ఇంకా ఎముక కలవదు. మనకు ఇదే కిటికీ."

"అయితే ముందు నాకు పెట్టి చూపియ్యి."

డాక్టరు అలిసిపోయి ఉన్నాడేమో, వాదించలేదు. ఆమె పాపిట్లో జెల్లు రాసి పిడి ఆనించాడు. తెర మీద చీకటి తప్ప ఏమీ లేదు. పొద్దుటినుంచి నోరు మెదపకుండా తలుపు దగ్గర నిలబడ్డ పెదనాన్న అప్పుడు మాట్లాడాడు. "పెళ్లైన కాణ్ణించీ చెప్తానే ఉండా, లోపల ఏం లేదని."

బిడ్డ పుట్టినప్పటినుంచి ఏడుస్తున్న అక్క, కుట్లు పట్టుకుని నవ్వింది. "నీ సంగతి ఇంటికాడ చెప్తా," అని పెద్దమ్మ కొంగుతో తల తుడుచుకుని, బిడ్డ మీది చెయ్యి తీసింది.

తెర మీద బూడిదరంగు మబ్బుల్లాంటివి కదిలాయి. "లోపల రక్తం కారలేదు. వాపు కొంచెం ఉంది. మొదట్లోనే అన్నీ బయటపడవు, వారం పోయాక మళ్లీ చూస్తా," అన్నాడు డాక్టరు. ఆ వారం పెద్దమ్మ పెదనాన్నతో పోట్లాడలేదు. ఆయన దానికే ఎక్కువ భయపడ్డాడు.

రెండోసారి టోపీ ఆమే తీసింది. ఆముదం లేదు. "పెట్టయ్యా," అంది, అంతే. డాక్టరు చానాసేపు చూశాడు. "పాడైన గుర్తులు కనపడట్లేదమ్మా. కానీ మిషను చెప్పేది ఇంతవరకే. మెడ నిలపడం, కూర్చోవడం, నడవడం... మిగతాదంతా వీడే చెప్పాలి."

వాడు చెప్పాడు, నింపాదిగా. మెడ ఆలస్యంగా నిలిపాడు, ఇంకా ఆలస్యంగా నడిచాడు. మాట మొదలుపెట్టాక మాత్రం ఆపలేదు. అది అమ్మమ్మ పోలికేనని పెదనాన్న తేల్చాడు. అన్నాళ్లూ పెద్దమ్మ రోజూ స్నానం పోసేటప్పుడు వాడి మాడు మీద వేలు ఆనించి చూసుకునేది.

మొన్న నా అరచేతి కింద అది రాయిలా ఉంది. ఆ మెత్తటి చోటు ఏ రోజున మూసుకుందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. రోజూ చూసుకున్న పెద్దమ్మకూ తెలియదు.