అమ్మ చదవలేని కామెంట్లు

ఆ రోజు సాయంత్రం ఫోన్ లైవ్‌లో అమ్మకానికి ఆకుపచ్చ లుంగీ ఒంటికి ఆనించి చూపిస్తుండగా నా ఎడమ చెయ్యి మొద్దుబారింది. గుండె దడదడలాడింది, ఊపిరి అందలేదు. బర్మాలోని యాంగోన్‌లో, బోటాటౌంగ్ పేటలో మాది చిన్న బట్టల కొట్టు. నాన్న పోయాక అమ్మా నేనూ నడుపుతున్నాం. మధ్యలో ఆపితే చూసేవాళ్ళు వేరే కొట్టుకి పోతారని, ఆ గుడ్డ పట్టుకునే నవ్వుతూ నిలబడ్డాను.

ఆస్పత్రిలో ఈసీజీ తీశారు, థైరాయిడ్ చూశారు. అన్నీ నార్మల్. "గుండె జబ్బు కాదు, పానిక్ అటాక్" అంది డాక్టరమ్మ. నాకు ఒళ్ళు మండింది. చచ్చిపోతున్నానని నేను మొత్తుకుంటుంటే ఏదో పేరు పెట్టి పంపేస్తోందేమిటి! మాత్రలు రాసిచ్చి, అటాక్ వచ్చినప్పుడల్లా అంతకు ముందు ఏం చేస్తున్నానో రాసుకోమంది.

నిజానికి నాకు చాలా నెలలుగా స్థిమితం లేదు. ఉక్కపోతలో స్వెట్టర్ వేసుకునేదాన్ని. బస్సులో సంచి గుండెలకి అదుముకుని నిలబడేదాన్ని. అద్దంలో అటు తిరిగి ఇటు తిరిగి చూసుకుని అన్నం మానేసేదాన్ని. మాత్రలతో కాస్త నిద్రపట్టింది. మూడు వారాలకే బాగైపోయాననుకుని, డాక్టరుకి చెప్పకుండా మానేసి మళ్ళీ లైవ్‌కి నిలబడ్డాను. కొరివితో తల గోక్కున్నట్టయింది. ఈసారి నిలబడలేక కొట్లోనే కూలబడ్డాను.

డాక్టరమ్మ నా కాగితం చూసింది. ప్రతి అటాక్ పక్కనా లైవ్ అనే ఉంది.

"కామెంట్లు వస్తే ఏం చేస్తావు?"

"రాసినవాళ్ళ పేరు ముందు 'కో' అని గౌరవంగా చేర్చి, పిలిచి థాంక్యూ చెప్తాను. లైవ్ పద్ధతి అదే."

"నీ ఒంటి గురించి రాసినవాళ్ళకి కూడానా?"

"వాళ్ళకి కూడా. నవ్వుతూ."

ఆమె కలం కింద పెట్టింది. "ఈ సంగతి ఇంట్లో ఎవరికి తెలుసు?"

ఎవరికీ తెలియదు. అమ్మ రోజూ నా పక్కనే కూర్చునేది. బర్మీస్ గడగడా మాట్లాడుతుంది గాని అక్షరం ముక్క చదవలేదు. కామెంట్లు పరిగెడుతుంటే, నా థాంక్యూలు విని అవన్నీ ఆర్డర్లే అనుకునేది. "ఒలమ్మ, ఎంతమంది అడగతన్నారే! కాస్త ముందుకి జరుగు, బాగా కనబడతావు" అనేది. నేను జరిగేదాన్ని. కామెంట్లు ఇంకా పెరిగేవి. అమ్మ మీద నాకెంత కోపమొచ్చేదో చెప్పలేను. ఆమెకేం తెలుసు పాపం.

డాక్టరమ్మ పంపిన కౌన్సెలింగ్‌లో నాలుగోసారి కూర్చుని వచ్చిన మధ్యాహ్నం ఫోన్ తీసి అమ్మకి తెలుగులో చదివి వినిపించాను. నా నడుము గురించి ఒకటి, రొమ్ముల గురించి రెండు. నాలుగోది నోట రాలేదు.

అమ్మ నా చేతిలోంచి ఫోన్ తీసుకుని ఆ అక్షరాలకేసి చూసింది.

"ఈలకేనేటే నువ్వు రోజూ థాంక్యూ సెప్పింది?" అంది. "నానే గదే ముందుకి జరగమన్నాను."

ఇప్పుడు బట్టలు దండెం మీద వేసి చూపిస్తున్నాం. నా చేతులు, గొంతు, అంతే. చూసేవాళ్ళు తగ్గారు. మాత్రలు డాక్టరు చెప్పినట్టే తగ్గిస్తున్నాను. బస్సులో సంచి ఇంకా గుండెల మీదికి వస్తూనే ఉంటుంది, కానీ కడుపునిండా తింటున్నాను.

మీకూ రిపోర్టులన్నీ నార్మలే అయినా ప్రాణం కుదురుగా లేకపోతే, మీరు వింటున్న మాటలు ఇంట్లో ఒక్కరికైనా ఉన్నవి ఉన్నట్టు వినిపించండి. చదవలేనివాళ్ళయితే మీరే చదివి చెప్పండి. నిన్న ఎవడో "ఆ పిల్లేది?" అని రాశాడు. నేను చదివి చెప్పగానే అమ్మ తన వేలితోనే వాణ్ణి బ్లాక్ చేసింది.